బస్సు రాని స్టేజీ

ఆ మాట నా మనవరాలి నోట విన్నప్పుడు నేను వంటింట్లో చపాతీ పిండి కలుపుతున్నాను. శనివారం మధ్యాహ్నం. పిల్ల ముందు గదిలో కూర్చుని ఫోన్లో మాట్లాడుతోంది, పక్క వీధిలో ఉండే తన స్నేహితురాలితో. ఇద్దరిదీ ఒకే బడి, ఇద్దరికీ పదహారేళ్లు. ఆ పిల్ల ఈ దేశపు పిల్లే. మా వాకిట్లో సైకిల్ పడేసి లోపలికి వచ్చి, నా చేతి పప్పు తిని, "గ్రాండ్" అని పోతుంది. ఇక్కడ అన్నీ గ్రాండే. ఉప్పు తక్కువైన పప్పు కూడా గ్రాండే.

మా పిల్ల ఇంగ్లీషు కూడా ఇక్కడి వాళ్లలాగే ఉంటుంది. మాట మొదలు గట్టిగా పలికి చివర మింగేస్తుంది. నాకు ఇంగ్లీషు రాదు. తెలుగే కూడబలుక్కుని చదువుతాను, సంతకం మాత్రం చేస్తాను. ఇది కూడా నేను చెబుతుంటే నా బిడ్డ రాస్తోంది. కానీ నాలుగేళ్లుగా క్లోనీ అనే ఈ ఊళ్లో, ఈ ఇంట్లో ఉంటున్నదాన్ని. ఒక మాట ఇక్కడ, ఒక మాట అక్కడ పట్టుకుంటాను. ఆ రోజు నేను పట్టుకున్నవి ఇవి. నో. రండ. స్టేజ్. బ్యాన్.

స్టేజీ అంటే తెలుసు, పెళ్లిలో పిల్లా పిల్లగాడూ కూర్చునేది. బ్యాన్ అంటే ఇంకా బాగా తెలుసు. నేను ముప్పై ఏళ్లు బీడీలు చుట్టాను. బీడీలు బ్యాన్ చేస్తారట అనే మాట ఏడాదికోసారి మా వాడంతా తిరిగి పోయేది. ఇక ఆ రెండో మాట నాకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. మొగుడు పోయిన ఆడదాన్ని కోపం వచ్చినప్పుడు అట్లాగే పిలుస్తారు. మా అత్త పిలిచింది. నీళ్ల కాడ కొట్లాటలో పక్కింటామె పిలిచింది. అది నా మనవరాలి నోట వస్తుందని మాత్రం అనుకోలేదు.

ఎందుకు వచ్చిందో కూడా వెంటనే అర్థమైపోయింది. ఇక్కడి బడిలో నడుమ ఒక ఏడాది పెద్ద పరీక్షలుండవు. పిల్లలు సొంతంగా ఏదో ఒక పని తలకెత్తుకుంటారు. వీళ్లిద్దరూ కలిసి ఊరి హాల్లో వీడియో ఆటల పోటీ పెడుతున్నారు. తెర మీద బొమ్మలు తన్నుకునే ఆట. "అమ్మమ్మా, నువ్వు ముందటి కుర్చీల కూసోవాలె" అని పిల్ల వారం కిందటే నాతో మాట తీసుకుంది. అప్పుడు పిలిచింది, ఇప్పుడు ఆలోచించుకుని వద్దనుకుంటోంది, నాతో చెప్పలేక స్నేహితురాలితో చెప్పుకుంటోంది. అంతే కదా అనుకున్నాను. పిండి చేతులతో అట్లాగే నిలబడిపోయాను.

నా బిడ్డకు ఐదేళ్లప్పుడు మా ఆయన పోయాడు. వారం రోజుల జ్వరం, అంతే. ఆ తరువాత ఎవరైనా మంచి పని మీద బయల్దేరుతుంటే నేను లోపలికి పోవడం నేర్చుకున్నాను. ఎవరూ పొమ్మనలేదు. ఒకసారి మా అన్న పట్నం పోతూ గడప దాటాడు. నేను బిందెతో ఎదురొచ్చాను. అన్న మంచివాడు, పల్లెత్తు మాట అనలేదు. వెనక్కి తిరిగాడు, అరుగు మీద కూర్చున్నాడు, మంచినీళ్లు అడిగి తాగాడు, కాసేపాగి మళ్లీ బయల్దేరాడు. ఆలోపు బస్సు వెళ్లిపోయింది. పోయిన పని కాలేదు. సాయంత్రం వదిన నా వైపు చూసిన చూపు తరువాత నాకు ఇక వేరే చదువు అక్కర్లేకపోయింది.

దేశం మారినా ఆ అలవాటు నాతో వచ్చింది. ఈ ఇంట్లో వంటింటి వెనక బట్టలుతికే మిషన్ పెట్టిన చిన్న గది ఉంది. నా బిడ్డ ఇంటర్వ్యూకి పోతున్నా, పిల్ల పరీక్షకు పోతున్నా నేను మెల్లగా ఆ గదిలోకి పోయి తలుపు దగ్గరకు వేసుకుంటాను. ముందు తలుపు పడిన చప్పుడు వినిపించాకే బయటికి వస్తాను. నా బిడ్డ మొదట్లో తిట్టింది. "ఈడ ఎవరు చూస్తరమ్మా ఇవన్నీ" అంది. నేను వినలేదు. అల్లుడు డ్రైవింగ్ పరీక్షకు మూడుసార్లు పోయాడు. మూడుసార్లూ నేను ఆ గదిలోనే ఉన్నాను. రెండుసార్లు తప్పాడు. అది నా మీదికి రాలేదు కదా అని లోపల సంతోషపడ్డాను, అల్లుడికి చెప్పకండి.

ఆ సాయంత్రం అన్నం పెడుతూ, హాలుకు నేను రాలేనని చెప్పాను.

"ఎందుకు?" అంది పిల్ల.

"మోకాళ్లు నొస్తున్నయి బిడ్డా."

"నిన్న పార్క్ దాక నడిచినవ్ కద."

"అందుకే నొస్తున్నయి."

పిల్ల నా దగ్గర నేర్చుకున్న తెలుగే మాట్లాడుతుంది. ఇంట్లో మిగతా వాళ్లకు ఇంగ్లీషులో జవాబిస్తుంది, నాతో మాత్రం తెలుగు వెతుక్కుంటుంది, దొరకని చోట ఇంగ్లీషు అతికిస్తుంది. ఆ రోజు ఇంకేమీ వెతుక్కోలేదు. కంచం తీసుకెళ్లి సింకులో పెట్టి మేడ మీదికి పోయింది. రెండు రోజులు నాతో అవసరమైనంతే మాట్లాడింది. నేను తలకు నూనె పెడతానంటే వద్దంది. ఆమె తల నుంచి రాలిన వెంట్రుకలు సోఫా మీద కనిపిస్తే ఏరి గుప్పిట్లో పెట్టుకున్నాను, ఎందుకో తెలియదు.

మూడో రోజు బడి నుంచి వచ్చి, కోటు విప్పకుండానే నా ముందు నిలబడింది.

"అమ్మమ్మా, నేనేం చేసిన? చెప్పు."

"నువ్వేం చెయ్యలే."

"మరి ఎందుకొస్తలేవ్? నీకు నా గేమ్ ఇష్టం లేదా? స్టుపిడ్ అనుకుంటున్నవా?"

"నేనెందుకు అట్లనుకుంట బిడ్డా. నువ్వే వద్దన్నవ్ కద. ఫోన్ల."

"నేనా? ఏమన్న?"

ఆ మాట నా నోట పలకలేకపోయాను. స్టేజ్ అన్నవు, బ్యాన్ అన్నవు అన్నాను. ఇంకా ఏదో అన్నావని పిల్ల ముఖం చూస్తూ ఆగిపోయాను. అప్పటికే నా బిడ్డ కింద మూలనున్న చిన్న టేబుల్ దగ్గర ఆఫీసు పని చేసుకుంటోంది. ఆమె ఆఫీసు పట్నంలో, డాక్‌ల్యాండ్స్ అనే చోట, కానీ వారంలో రెండు రోజులు ఇంట్లోనే చేస్తుంది. లేచి వచ్చి, "ఏందమ్మా, ఏమన్నది? చెప్పు" అని గట్టిగా అడిగింది. చెప్పాను. నా బొంగురు గొంతులో ఆ మాట ఇంకా ముళ్లుముళ్లుగా వచ్చింది.

నా బిడ్డ ముఖం తెల్లబోయింది. పిల్లకు మాత్రం ఏమీ అర్థం కాలేదు. "అంటే ఏంటిది?" అని తల్లిని అడిగింది. తల్లి ఇంగ్లీషులో చెప్పింది. చాలాసేపు చెప్పింది, మా అన్న బస్సు తప్పిన సంగతితో సహా, మిషన్ ఉన్న గది వైపు చేయి చూపించి మరీ చెప్పింది. పిల్ల కళ్లు అంతకంతకూ పెద్దవయ్యాయి.

"నో! నో, అమ్మమ్మా! ర్యాండమ్! ర్యాన్, డమ్!" అని నా రెండు బుగ్గలూ పట్టుకుని నోరు పెద్దగా తెరిచి, చిన్నపిల్లకు అ ఆలు చెప్పినట్టు చెప్పింది. "నిన్ను కాదు. గేమ్‌ల ఉంటది. ర్యాండమ్. దా, చూపిస్త దా."

నా బిడ్డ ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. రెండూ చేసినట్టుంది. నన్ను తీసుకెళ్లి టీవీ ముందు కూర్చోబెట్టారు.

తెర మీద ఒక గట్టు. గట్టు మీద ఇద్దరు బొమ్మ మనుషులు తన్నుకుంటారు. కింద పడినవాళ్లు ఓడినట్టు. ఆ గట్టునే వీళ్లు స్టేజ్ అంటారు. అలాంటివి చాలా ఉన్నాయి, ఒక్కోటి ఒక్కో తీరు. పిల్ల ఒక వీధి బొమ్మ తీసింది. రెండు బొమ్మలూ కొట్టుకుంటున్నాయి, ఎక్కడి నుంచో ఒక బస్సు రయ్యిన వచ్చి ఇద్దరినీ గుద్దేసి పోయింది.

"అగో! ఆపకుండనే పాయె!" అన్నాను.

"ఎందుకు ఆపుతది?"

"స్టేజీ అన్నవు కద. మా దిక్కు బస్సు ఆగే జాగను కూడ స్టేజీ అంటం."

పిల్ల సోఫా మీద వెనక్కి పడి నవ్వింది. వెంటనే ఫోన్ తీసి స్నేహితురాలికి ఆ మాట పంపింది. మూడు రోజుల తరువాత ఆ నవ్వు విన్నాను.

"ఎప్పుడొస్తది ఈ బస్సు?" అని అడిగాను.

"తెల్వది. ఎవరికీ తెల్వది. దాన్నే ర్యాండమ్ అంటరు. ఎవరూ పిలవరు, ఊరికే అడ్డం వస్తది."

ఇంకో స్టేజ్ చూపించింది. మేడ కప్పు, ఉండుండి గాలి కొడుతుంది. ఇంకోదాంట్లో కాళ్ల కింది పలక విరిగిపోతుంది. నేను మళ్లీ ఆ బస్సునే చూపించమన్నాను. ఎందుకో దాని మీద జాలి కలిగింది. దాని దారిన అది పోతోంది. తిట్లన్నీ దానికే.

అప్పుడు చెప్పింది అసలు గొడవ. స్నేహితురాలు పోటీలో బస్సు ఉండాలంటుంది. బస్సు వస్తేనే అందరూ అరుస్తారు, నవ్వుతారు, ఆట రాని పిల్లలు కూడా ఒకటీ అరా గెలుస్తారు, లేకపోతే ఎప్పుడూ నువ్వే గెలుస్తావు, ఇంక మేమెందుకు రావాలి అంటుంది. మా పిల్ల, పోటీలో అలాంటి స్టేజీలు బ్యాన్ చెయ్యాలంటుంది. మాస్టారు మీరిద్దరే తేల్చుకోండి అన్నాడట. ఆ రోజు ఫోన్లో జరిగింది ఆ కొట్లాటే.

"నువ్వు చెప్పు అమ్మమ్మా. ఉండాల్నా వద్దా?"

నన్ను అట్లా ఎవరూ అడగరు. కాస్త సర్దుకుని కూర్చున్నాను. ఉండనీ అన్నాను.

"మేం బీడీలు చుట్టేటప్పుడు ఆకు కట్ట కట్టగ ఇచ్చేటోళ్లు. విప్పేదాక లోపల ఏమున్నదో తెల్వదు. ఒక్కోరికి లేత ఆకు వస్తది, ఒక్కోరికి చిల్లులు పడ్డది. నాకు చిల్లుల ఆకు వస్తే రాత్రే నానబెట్టి, చిల్లి పక్కకు పోయేటట్టు కత్తెర తిప్పి తిప్పి కోసేదాన్ని. నా లెక్క ఎవరూ కొయ్యలేకపోయేటోళ్లు. చేతిల పని ఉన్నోళ్లకు చెడ్డ ఆకు కూడ లొంగుతది. నీ చేతిల పని లేదా మరి? బస్సు రానీ, తప్పించుకో."

పిల్ల ఆలోచించింది. నేను గెలిచాననుకున్నాను.

"చిల్లుల ఆకుతోని బీడీలు తక్కువ వస్తే?" అంది.

"తక్కువే వస్తయి. ఎంత కోసినా."

"అప్పుడు ఎవర్ని తిడతరు? ఆకునా?"

"ఆకునెవరు తిడతరు. నన్నే."

"లేత ఆకు వచ్చినామెను?"

"మంచిగ చుట్టిందంటరు."

"ఆమె నీకంటే మంచిగ చుట్టిందా?"

మా పక్కింటామె చుట్టిన బీడీలు గుర్తొచ్చాయి. సగం వదులు. ఆమెకే మెప్పు.

"అదే," అంది పిల్ల. "బస్సు ఉంటే నేను గెలిస్తే బస్సు గెలిపించిందంటరు. ఓడిపోతే బస్సు వల్లనే అని నేనంట. ఎవరు బాగ ఆడిన్రో ఎవరికీ తెల్వదు. ఇంట్ల ఆడేటప్పుడు ఉండనీ, ఇట్స్ గ్రేట్ ఫన్. కానీ పోటీల వద్దు." అంతటితో ఆగక, "నీ బ్రదర్ బస్ మిస్ అయ్యిండు కద. నీళ్లు తాగుకుంట కూసున్నందుకు మిస్ అయ్యిండు. నువ్వొచ్చినందుకు కాదు" అంది.

ముప్పై ఏళ్లకు పైబడింది ఆ సంగతి జరిగి. ఆ లెక్క నాకెప్పుడూ తట్టలేదు. నా బిడ్డ వైపు చూశాను. నాకూ తట్టలేదమ్మా అన్నట్టు తల ఊపింది.

స్నేహితురాలు రెండు రోజులు సణిగి చివరికి ఒప్పుకుంది. పోటీలో అలాంటివన్నీ ఆపేస్తారు. బస్సు రాదు, గాలి రాదు, పలక విరగదు.

పోటీ రోజు పొద్దున పిల్ల సంచీ సర్దుకుంది. నేను ముందే చీర కట్టుకుని తయారయ్యాను. అయినా ఆమె చెప్పుల చప్పుడు మెట్ల మీద వినిపించగానే నా కాళ్లు వాటంతటవే వెనక గది వైపు నడిచాయి. నేను చెప్పలేదు వాటికి. మిషన్ పక్కన నిలబడి తలుపు వేసుకోబోతుంటే పిల్ల వచ్చి తలుపు పట్టుకుంది.

"ఎటు పోతున్నవ్?"

"నువ్వు ముందు పో బిడ్డా. నేను మీ అమ్మతోని వెనక వస్త."

"నో. నువ్వు ఎదురు రా."

నాకు అర్థం కాలేదు. ఆమె నన్ను చేయి పట్టి ముందు తలుపులోంచి బయటికి తీసుకెళ్లింది, గేటు దాకా. అక్కడ నిలబెట్టి, తను మళ్లీ లోపలికి పోయి తలుపు వేసుకుంది. సన్నగా తుంపర పడుతోంది. ఎదురింటాయన కుక్కతో పోతూ నన్ను చూసి చేయి ఊపాడు. నేనూ ఊపాను. తలుపు తెరుచుకుంది. సంచీ భుజాన వేసుకుని పిల్ల బయటికి అడుగు పెట్టింది.

"నడువు," అంది.

పది అడుగులుంటుంది ఆ దారి. మా ఆయన శవం వెంట కూడా నేను అంత కష్టంగా నడవలేదు. ఎదురుగా పోయాను. ఆమె నా పక్క నుంచి పోలేదు, తిన్నగా నా మీదికే వచ్చి నన్ను కావలించుకుని, "ఓకే, పోదాం" అంది. వెనక నా బిడ్డ తాళం వేస్తూ ముక్కు చీదుకుంది. నేను మాత్రం నడుస్తున్నంతసేపూ ఒకటే అనుకున్నాను. ఈ ఒక్క రోజు గెలవనీ. మిగతా రోజులు ఎట్లా పోయినా సరే.

హాలు నిండా పిల్లలు. ముందు కుర్చీలో కూర్చున్నాను. మా పిల్ల ఒకరి తరువాత ఒకరిని ఓడిస్తూ పోయింది. చివరికి మిగిలినవాళ్లు ఇద్దరు, మా పిల్లా, ఆ స్నేహితురాలూ. మూడు ఆటలు ముందు గెలిచినవాళ్లది పోటీ. చెరో రెండు గెలిచారు. నాకు అరవాలని ఉంది, కానీ నా నోరు కూడా పడకూడదని పెదవులు బిగబట్టాను. ఆఖరి ఆటలో మా పిల్ల బొమ్మ గట్టు అంచున దూకింది. స్నేహితురాలి బొమ్మ అక్కడే కాచుకుని ఉంది. ఒక్క తన్ను. అయిపోయింది.

హాలంతా లేచి అరిచింది. ఆ స్నేహితురాలు మా పిల్లను కావలించుకుని, తరువాత పరుగున వచ్చి నన్ను కూడా కావలించుకుంది. "అమామా, నో బస్!" అంది నవ్వుతూ. ఆ పిల్ల తప్పేముంది. తల నిమిరాను. మా పిల్ల వైర్లు చుట్టుకుంటోంది, నా వైపు చూడడం లేదు. మా వదిన కూడా మొదట చూడలేదు. ఆ తరువాతే చూసింది.

నా బిడ్డ కుర్చీలు సర్దడానికి ఉండిపోయింది. మేమిద్దరం నడిచి ఇంటికి బయల్దేరాం. సగం దారి దాకా పిల్ల సంచీ ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంటూ నడిచింది. నేనే ఉండబట్టలేకపోయాను.

"నేను ఎదురు రాకపోతే గెలుస్తుంటివి బిడ్డా."

ఆగిపోయింది. నా వైపు తిరిగింది. అంత కోపం ఆ ముఖంలో నేనెప్పుడూ చూడలేదు.

"వద్దు అమ్మమ్మా. అది నాది. నేను ఓడిన. నా లాస్ నువ్వు గుంజుకోకు."

"అది కాదు బిడ్డా..."

"అక్కడ బస్సు లేదు. గాలి లేదు. నువ్వు లేవు. నేనున్న, ఆమె ఉంది, అంతే. ఆమె బాగ ఆడింది. నేను ఎప్పుడూ ఎడమ దిక్కే దూకుత. అది ఆమె కనిపెట్టింది. ఆర్ నెలల నుంచి కనిపెడ్తుంది కావచ్చు. నాకే తెల్వలే."

మళ్లీ నడిచాం. కోపం కాస్త తగ్గినట్టుంది, నా చేయి పట్టుకుంది. నా అరచెయ్యి తెరిచి, దాన్నే గట్టు చేసి, తన రెండు వేళ్లతో బొమ్మల్లా నడిపిస్తూ చూపించింది. ఇగో ఇక్కడ నిలబడాల్సింది, ఇక్కడికి దూకాను. మొదటి ఆటలో తొందరపడ్డాను. మూడోదాంట్లో గెలిచినట్టే అనుకుని తేలికగా తీసుకున్నాను. ఆఖరిదాంట్లో మళ్లీ ఎడమకే. కత్తెర అంచులు కోసి కోసి గట్టిపడ్డ నా అరచేతి మీద ఆమె వేలు మెత్తగా తిరుగుతోంది. సగం నాకు అర్థం కాలేదు. అర్థమైనంత వరకు చెవి పెట్టి విన్నాను. ఆమె ఒక్కో తప్పూ చెబుతుంటే నేను రెండో చేతి వేళ్లు ఒక్కోటీ మడిచాను, బీడీ కట్ట సరిచూసుకున్నట్టు.

ఇంటికి చేరేసరికి అయిదు వేళ్లూ మడిచి ఉన్నాయి. అయిదూ ఆమెవే. ఒక్కటి కూడా నాది కాదు.